కన్నవారికొక చిన్న కారు

కన్నవారికి కారు కొనియిచ్చుట అను మాట ఒక తరము క్రిందట ఆత్మకూరు వంటి ఊళ్ళలో వినబడెడిది కాదు. ఈ ఊరు అమరచింత సంస్థానమునకు ముఖ్యస్థానముగా నుండిన దినములలో మోటారుబండి దొరలకును, పెద్ద అధికారులకును చెందిన వస్తువు. తక్కిన జనమునకు ఎద్దుబండియు, కాలినడకయు, అటుపిమ్మట బస్సును దిక్కు. 1983 డిసెంబరు 14వ తేదీన మొదటి మారుతి 800 కారు ఢిల్లీలో కొనుగోలుదారుని చేతికి అందినది. మధ్యతరగతి గృహస్థు తన వాకిట కారును ఊహించుకొనుట అప్పటినుండి మొదలైనది. 2014 జనవరిలో ఆ బండి తయారీ నిలిచిపోయినది గాని, దాని వెనుక వచ్చిన ఆల్టోలు, వ్యాగనార్లు, శాంట్రోలు లక్షల సంఖ్యలో రోడ్ల మీదకు వచ్చి, ఇప్పుడు రెండవ చేతికి, మూడవ చేతికి దిగి వచ్చినవి. హైదరాబాదులో ఉద్యోగము చేసికొను కొడుకో కూతురో ఊరిలోనున్న తల్లికిగాని తండ్రికిగాని ఒక పాత చిన్న కారు కొని పంపుట నేడు వింత గాదు. నేటి ప్రసంగమున మేము ముచ్చటింపదలచినది ఆ కొనుగోలును గూర్చియే.

కొనువారొకరు, నడుపువారు వేరొకరు అయినప్పుడే చిక్కు వచ్చుచున్నది. సాధారణముగా జరుగునదేమి? కొడుకు తన స్నేహితులను విచారించును. నలుగురు నాలుగు పేర్లు చెప్పుదురు. వారిలో ఒకరైనను ఆ తల్లి మోకాలి నొప్పిని ఎరిగినవారు కారు. చివరకు కొడుకు తాను దసరాకు వచ్చినపుడు తన కుటుంబముతో తిరుగుటకు అనువైన బండిని చూచి కొనును. ఆ బండి కొంచెము పెద్దది, కొంచెము పొడవైనది. గేరు గట్టిగా పడును. దసరా వెళ్ళగనే దానిమీద గుడ్డ కప్పుదురు. వేపచెట్టు క్రింద అది నిలిచియుండును. తల్లి యథాప్రకారము ఆటో ఎక్కి పోవుచుండును. ఆర్.సి. తల్లి పేర నున్నది, తాళము కొడుకు చేత నున్నది. ఇట్టి కారును తల్లికి కొనియిచ్చినట్లు చెప్పుకొనుట న్యాయము కాదని మా అభిప్రాయము.

ఒక ఉదాహరణమును కల్పించుకొందము. ఆత్మకూరులో ఉపాధ్యాయినిగా పనిచేసి విశ్రాంతి గైకొన్న ఒక అమ్మ కలదనుకొందము. వయస్సు అరువది రెండు. ఎత్తు అయిదడుగులు. మొన్నటివరకు స్కూటరు నడిపినది. మోకాళ్ళు సహకరింపక మానుకొన్నది. ఆమె ప్రయాణములు ఎన్ని? ఊరిలో బ్యాంకు, కూరగాయల బజారు, వారమునకొకసారి పొలము, నెలకొకసారి వనపర్తిలో వైద్యుడు. జూరాల ఆనకట్ట మీదుగా గద్వాలకు పోయి బంధువులను చూచివచ్చుట ఒకటి, కార్తికమున కురుమూర్తి జాతర ఒకటి. హైదరాబాదు రైలెక్కవలెనన్న వనపర్తి రోడ్డు స్టేషనుకు పోవలెను. ఆ స్టేషను పేరులో వనపర్తి ఉన్నను, ఉన్నది మదనాపురములో! ఈ ప్రయాణములలో అధికభాగము పది పదిహేను కిలోమీటర్లకు మించినవి కావు. ఒక్కరో ఇద్దరో ఎక్కుదురు. కాబట్టి ఆమెకు పెద్ద యంత్రము అక్కరలేదు, సామానుల అర అక్కరలేదు. మరి కావలసినదేమి?

మొదటిది, కూర్చుండుట. యువకులు దీనిని పరీక్షింపరు, వారికి తోచదు. మారుతి 800, పాత జెన్ వంటి బండ్లలో ఆసనము నేలకు దగ్గరగా నుండును. వాటిలోనికి కూర్చుండుట కాదు, జారుటయే. దిగునపుడు తలుపు పట్టుకొని లేవవలెను. మోకాళ్ళు అరిగినవారికి ఇది రోజుకు నాలుగుమారులు శిక్ష. 1998లో వచ్చిన శాంట్రోయు, 1999లో వచ్చిన వ్యాగనారును పొడుగరి బండ్లు. వచ్చిన క్రొత్తలో ఆ ఆకారమును చూచి నవ్వినవారు కలరు గాని, వృద్ధులకు ఆ ఆకారమే వరమైనది. ఆసనము నడుము ఎత్తునకు సమీపముగా నుండును గనుక మంచము మీద కూర్చున్నట్లు కూర్చుండి, కాళ్ళు లోపలికి త్రిప్పుకొనవచ్చును. చీర కట్టినవారికి ఇది మరింత సౌకర్యము. పొట్టివారు ఇంకొకటి చూడవలెను: ఆసనమును ముందునకు జరుపుకొన్న పిమ్మట స్టీరింగు చక్రము రొమ్మునకు మరీ దగ్గర కారాదు, ముందరి బానెట్టు అంచు ఎక్కడ ముగియునో కంటికి అందవలెను.

రెండవది, చేతులకును కాళ్ళకును పడు శ్రమ. పవర్ స్టీరింగు లేని బండి కదలుచున్నప్పుడు తేలికగనే తిరుగును, నిలిచియున్నప్పుడు మొండికెత్తును. సంతనాడు ఇరుకు సందులో బండిని మరలించుకొనునపుడు భుజములు చెప్పును దాని సంగతి. పాత మారుతి 800లోను, మొదటి నానోలలోను ఈ సౌకర్యము లేదు. క్లచ్చి విషయము ఇంకను ముఖ్యము. అరిగిన క్లచ్చి గట్టిపడును. ఎడమ మోకాలికి అదొక విరోధి. కొంచెము సొమ్ము హెచ్చినను భరింపగలవారు క్లచ్చి లేని బండిని చూచుట మేలు. గేర్లు తమంతట తాము మారు ఏ.ఎం.టి. అను ఏర్పాటును మన దేశములో చౌక కార్లలోనికి తెచ్చినది 2014 నాటి సెలేరియో. గేరు మారునపుడు ఆ బండి ఒక్క క్షణము ఆగి ఆలోచించినట్లు తలయూపును. పడుచువారికి అది విసుగు, స్కూటరుకు అలవాటుపడిన అమ్మకు అది లెక్కలోనిది కాదు.

నానోను గూర్చి ఒక మాట. లక్ష రూపాయల కారని లోకమంతయు చెప్పుకొనగా 2009లో వచ్చి, 2018లో తయారీ నిలిచిన బండి అది. పొడవు మూడు మీటర్లకు కొంచెము హెచ్చు, యంత్రము వెనుక నుండును, ఎత్తైన ఆసనము, ఆటో తిరుగు సందులో తిరుగును. చౌక అన్న పేరే దానికి శాపమైనది గాని, ఊరిలో తిరుగుటకు అంత సరదా బండి అరుదు. అయినను కొనుమని సాహసించి చెప్పజాలము. తయారీ ఆగిన బండికి విడిభాగములు వెదకికొనవలెను. ఆత్మకూరు వంటి చోట కారు గుణము సగము, దానిని విప్పి బిగింపగల మెకానిక్కు సగము. కొనుటకు ముందే ఊరి మెకానిక్కు వద్దకు పోయి, “ఈ నెలలో నీ చేతికి ఎక్కువగా వచ్చిన బండ్లు ఏవి? భాగములు ఎక్కడ తెచ్చితివి?” అని అడిగినచో, పది ప్రకటనలు చదివినదానికన్న మంచి సమాచారము దొరకును.

మూడవది ఉల్లాసము. దీనిని లెక్కలో చేర్చుట మనవారికి అలవాటు లేదు. తల్లిదండ్రులకు కొను వస్తువు గట్టిగా నుండవలెను, చౌకగా నుండవలెను అందుము గాని, ముచ్చటగా నుండవలెనని అనము. పెద్దవారికి సరదా ఏమిటని మన లోలోపలి భావము. ముప్పది యేండ్లు పిల్లల ఫీజులకు లెక్కలు వేసికొన్న మనిషి తన చేతులారా ఒక యంత్రమును కదిలించి, తాను అనుకొన్న వేళకు తాను అనుకొన్న చోటికి పోవుటలోని ఆనందము తక్కువైనదా? చక్రము తేలికగా తిరుగుట, యంత్రము పిలిచిన వెంటనే పలుకుట, అద్దములోనుండి జూరాల జలాశయము విశాలముగా కనబడుట, పాత రేడియోపెట్టెలో పాట స్పష్టముగా వినబడుట, ఇవన్నియు కారు గుణములలో లెక్కింపదగినవే. రంగు విషయమున గూడ పిల్లలు తెల్లరంగు పట్టుపట్టుదురు. తిరిగి అమ్మునపుడు ధర వచ్చునట! తిరిగి అమ్ముట ఎవరికి కావలెను? అమ్మకు ఎఱ్ఱరంగు ఇష్టమైనచో ఎఱ్ఱనిదే కొనవలెను. మే నెల ఎండలో తెల్లబండి కొంత చల్లగా నుండునన్న వాదములో నిజము లేకపోలేదు, ఆ కొరతను మంచి ఏ.సి. తీర్చును.

సరదాకు ఎదురుగా భద్రత నిలుచును. ఇక్కడ మేము మెత్తగా మాటలాడము. గ్లోబల్ ఎన్‌క్యాప్ అను సంస్థ 2014 జనవరిలో ప్రకటించిన ఢీకొట్టు పరీక్షలలో ఆల్టో 800, నానో, ఐ10, ఫీగో, పోలో అను అయిదు చిన్న కార్లలో ఎయిర్‌బ్యాగులు లేని నమూనాలకు పెద్దల రక్షణకుగాను ఒక్క నక్షత్రమైనను రాలేదు. నడుపువారి యెదుట ఎయిర్‌బ్యాగు అను గాలిసంచి తప్పనిసరియైనది 2019 జూలై నుండి మాత్రమే. బ్రేకు గట్టిగా నొక్కినపుడు చక్రములు బిగిసిపోకుండ చూచు ఏ.బి.ఎస్. కూడ ఆ యేటనే చిన్న కార్లన్నిటికి వచ్చినది. అంతకు ముందు తయారైనవాటిలో కొన్ని నమూనాలకు మాత్రమే, అదియు హెచ్చు ధర చెల్లించినవారికే, ఇవి అమరియున్నవి. కాబట్టి ఒకే ధరకు పాతదైన పెద్ద కారును, క్రొత్తదైన చిన్న కారును దొరకినపుడు, 2019 తరువాతి చిన్న బండి వైపు మొగ్గుడని మా సలహా. అంత సొమ్ము లేనివారు బెల్టు పెట్టుకొనక బండి కదల్చరాదు, జాతీయ రహదారికి దూరముగా నుండవలెను. బండి ఎంత చౌకదైనను టైర్లు మాత్రము పాతవి వాడరాదు.

టైరు వయస్సు తెలియుటకు ఒక కిటుకు కలదు. టైరు ప్రక్కన నాలుగంకెల సంఖ్య యొకటి అచ్చొత్తి యుండును. 2319 అని యున్నచో 2019వ సంవత్సరము ఇరువది మూడవ వారమున తయారైనదని అర్థము. గాళ్ళు లోతుగా కనబడినను, ఆరేడేండ్లు ఎండలో నిలిచిన టైరు బిరుసెక్కి పగుళ్ళు వారును. ఏడాదికి మూడువేల కిలోమీటర్లు తిరుగు తల్లి బండికి టైరు అరిగి చెడదు, ఎండి చెడును.

ఇక పాత బండిని పరీక్షించు తీరు. తెల్లవారుజామున, ముందుగా చెప్పకుండ పోవుట ఉత్తమము. మొదట చేయి వేసి బానెట్టు తాకి చూడవలెను. వెచ్చగా నున్నచో, మీరు రాకమునుపే ఎవరో యంత్రమును మేల్కొలిపినారని తెలిసికొనవచ్చును. చల్లని యంత్రము చెప్పు నిజము వేడి యంత్రము చెప్పదు. స్టార్టు చేసినపుడు వెనుక నీలిపొగ వచ్చినచో నూనె కాలుచున్నది. తెల్లని పొగ ఆగక వచ్చినచో యంత్రమును చల్లబరచు నీరు లోపలికి దిగుచున్నది. మీటరులోని కిలోమీటర్లను నమ్మవలదు, వాటిని త్రిప్పు నేర్పరులు కలరు. బ్రేకు పెడలు రబ్బరు, స్టీరింగు చక్రపు మెరుగు, నడుపువారి ఆసనపు అంచు, ఈ మూడింటి అరుగుదలయే అసలైన మీటరు. సర్వీసు పుస్తకములోని తేదీలతో దానిని సరిపోల్చుకొనవలెను. పాత ఆల్టోలలోను, శాంట్రోలలోను యంత్రములోపల తిరుగు టైమింగు బెల్టు రబ్బరుది. దానిని ఎప్పుడు మార్చినారో అమ్మువారు చెప్పలేకపోయినచో, కొన్న వెంటనే మార్చుకొనుటకు వలయు వ్యయమును ధరలో తగ్గించుమని అడుగుట ధర్మమే.

మన ప్రాంతమున మరియొక జాగ్రత్త అవసరము. 2009 అక్టోబరులో కృష్ణా తుంగభద్రల వరదకు కర్నూలు, అలంపురము మునిగిన సంగతి మరచినవారు లేరు. 2020 అక్టోబరులో హైదరాబాదు కాలనీలు మునిగినవి. నీట మునిగిన కార్లను కడిగి, ఎండబెట్టి, సుగంధము చల్లి దూరపు ఊళ్ళలో అమ్ముట కద్దు. సీటుబెల్టును చివరివరకు లాగి చూడవలెను. పైభాగమును కడిగినవాడు చుట్టలోపలి భాగమును కడిగియుండడు, బురద గీత అక్కడ నిలిచియుండును. ఆసనము క్రింది పట్టాల తుప్పు, నేల చాప క్రింది ముక్కవాసన కూడ సాక్ష్యములే. ముంపు బండికి యంత్రము బాగుపడినను విద్యుత్తు తీగెలు బాగుపడవు. ఒకనాడు దీపము, ఒకనాడు హారను, ఒకనాడు మొత్తము బండి మొరాయించును.

నీటి మాట వచ్చినది గనుక మదనాపురము సంగతి చెప్పకుండ పోజాలము. అక్కడికి ఎగువన 1959లో పూర్తియైన సరళాసాగరము ఉన్నది. వనపర్తి రాజావారి తల్లి సరళాదేవి పేర వెలసిన జలాశయమది. నీరు నిండగనే మనుష్యుల చేయి అవసరము లేకుండ తమంతట తాము పారు సైఫన్లు దాని ప్రత్యేకత. అవి తెరచుకొన్నపుడు క్రింద ఊకచెట్టు వాగు పొంగి, ఆత్మకూరు వనపర్తి దారి తెగును. చిన్న కారు బరువు ఏడెనిమిది వందల కిలోలు. మోకాలిలోతు ప్రవాహమునకు అది తేలి ప్రక్కకు జరుగును. తల్లికి కారు ఇచ్చువారు ఆ దినములలో వాగు దాటవద్దని, వైద్యుని దర్శనము మరునాటికి వాయిదా వేసికొమ్మని ముందుగనే చెప్పియుంచవలెను. అవసరము తప్పనిదైనచో చుట్టుదారి ఏదో బండి కొన్న వారమునందే ఆమెకు చూపి యుంచుట మంచిది.

కాగితముల విషయము నీరసమైనదే గాని విడువరానిది. బండి చేతులు మారుటకు 29, 30 సంఖ్యల ఫారములు కలవు. అమ్మినవారు రాష్ట్రములోపల నైనచో పదునాలుగు దినములలోను, కొన్నవారు ముప్పది దినములలోను రవాణాశాఖకు తెలుపవలెను. “తరువాత మార్పించుకొనవచ్చును లెండి” అను మధ్యవర్తి మాట వినినచో, రేపు ప్రమాదము జరిగినపుడు బాధ్యత ఎవరిదో తేల్చుటకు న్యాయస్థానము మెట్లెక్కవలసి వచ్చును. అప్పుమీద కొన్న బండియైనచో బ్యాంకు అప్పు తీరినదని చూపు 35వ ఫారము ఉండవలెను. చెల్లింపని చలానాలను చూచుకొనవలెను. బీమాపత్రము కూడ క్రొత్త పేరునకు మారవలెను; పాత యజమాని సంపాదించుకొన్న నో క్లెయిము తగ్గింపు ఆయనతోనే పోవును, బండితో రాదు.

నంబరు పలక కొంత చరిత్ర చెప్పును. ఏపీ 22 అని యున్నచో అది పాత మహబూబునగరు జిల్లా బండి. టీఎస్ 32 అని యున్నచో 2016లో వనపర్తి జిల్లా ఏర్పడిన తరువాతిది. రాయచూరునుండియో బెంగుళూరునుండియో వచ్చిన బండి చౌకగా కనబడును గాని, ఆ రాష్ట్రపు నిరభ్యంతర పత్రము తెచ్చి, ఇక్కడ జీవితకాలపు పన్ను మరల కట్టునప్పటికి చౌకదనము ఆవిరియగును. ఢిల్లీలో పదేండ్లు నిండిన డీజిలు బండ్లకు నిషేధము వచ్చినది మొదలు అక్కడి పాత బండ్లు దక్షిణమునకు దిగుచున్నవి. తక్కువ దూరములు తిరుగు ఇంటికి డీజిలుతో పని లేదు. బండి వయస్సు కూడ ఆర్.సి.లోనే చూడవలెను. నమోదు పదునైదేండ్ల వరకే చెల్లును. ఆపైన అయిదేండ్లకొకసారి పరీక్షింపించి పొడిగించుకొనవలెను. 600 రూపాయలుగా నుండిన ఆ రుసుము 2022 ఏప్రిల్ నుండి 5,000 అయినది. పదునాలుగేండ్ల బండిని మురిసికొని కొన్నవారు మరుసటి సంవత్సరపు ఈ ఖర్చును లెక్క వేసికొనరు.

సొమ్ము పంపకము ఎట్లు? చేత 2 లక్షలున్నచో బండికి లక్షన్నర దాటనీయక, మిగిలినదానిని బీమాకు, టైర్లకు, బ్యాటరీకి, మొదటి సర్వీసుకు విడిగా ఉంచవలెను. ఉన్న రెండులక్షలును బండికే పోసి, బ్యాటరీ దిగిన నాడు తల్లి చేత కొడుకునకు ఫోను చేయించుకొనుట ఏమి మర్యాద?

చివరగా తప్పక చేయవలసినది, నిర్ణయము చేయకముందే ఆమెను బండిలో కూర్చుండబెట్టుట. రెండు మూడు బండ్లలో ఎక్కి దిగనిండు. వెనుకకు చూచుటకు మెడ ఎంత త్రిప్పవలసి వచ్చుచున్నదో చూడనిండు. ఆమె నడుపుచున్నంతసేపు ప్రక్కన కూర్చున్న కొడుకు నోరు మెదపరాదు. ఈ నియమము మిక్కిలి కష్టమైనదని మేమెరుగుదుము. ఏ బండి దిగునపుడు ఆమె ముఖమున చిరునవ్వు ఉన్నదో అదియే ఆమె బండి, పరీక్షలో అది పూర్తిగా నెగ్గినచో.

లైసెన్సు విషయమున నిరుత్సాహము పనిలేదు. నలువది దాటినవారు వైద్యుని చేత 1ఏ ఫారము వ్రాయించుకొనవలెను. ఏబదియైదు దాటినవారికి లైసెన్సు అయిదేండ్లకొకసారి మరల తీసికొనవలసియుండును. కండ్ల పరీక్ష చేయించుకొనుటకు అదొక సాకు అనుకొనవచ్చును. స్కూటరు నడిపినవారు దారి చూచుట ఎరుగుదురు. వారు క్రొత్తగా నేర్వవలసినది బండి వెడల్పును అంచనా వేయుట మాత్రమే. మొదటి పది దినములు సూర్యోదయమునకు ముందు, కొత్తకోట దారిలో, లారీలు లేని వేళ, నెమ్మదిగా పోయి రావలెను. తరువాత ఊరి బజారు. అటుపిమ్మట ఒక ఆదివారము జూరాల కట్ట. జాతీయ రహదారి ఎక్కుట ఇప్పట్లో అక్కరలేదు. కావలెననిపించిన నాడు ఆమెయే చెప్పును.